మేస్త్రీ పెట్టిన ఐదో ఇంటూ

మా వీధిలో ఉండే మెకానిక్ మేస్త్రీ పోయారని శనివారం పొద్దున తెలిసింది. నంద్యాలలోని ఆయన షెడ్డు నుంచి, అక్కడే పనిచేసే ఆయన తమ్ముడు మా ఆయనకు ఫోన్ చేశాడు. "అన్న పోయినాడప్పా. షట్టర్ ఎత్తినాడు, ఆడ్నే కూలబడినాడు," అన్నాడట. ఆ కబురు విని, ఏడవడానికి ముందు నేను అడిగిన మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. "మరి సోమవారం వ్యాన్ ఎవరు చూస్తారు?" అన్నాను.

అట్లా ఎందుకన్నానో చెప్పాలి. ఆళ్లగడ్డలో ఒక చిన్న ప్రైవేటు బడిలో నేను టీచర్‌ని. చుట్టుపక్కల పల్లెల నుంచి పదమూడు మంది పిల్లల్ని మా ఆయన వ్యాన్‌లో ఆ బడికి తెచ్చి దించుతాడు. ఇన్నాళ్లూ అద్దె బండి. ఈ వేసవిలో ఓనరు దాన్ని అమ్మేసుకున్నాడు. బడులు తెరిచేలోపు మరో బండి సంపాదించకపోతే పిల్లలు వేరే వ్యాన్ ఎక్కేస్తారు, ఇక మళ్లీ రారు. కొత్తది కొనే తాహతు లేదు. పాతదంటే నాకు వణుకు. పదమూడు మంది తల్లులు నా ముఖం చూసి పిల్లల్ని ఎక్కిస్తారు. ఆ వణుక్కి మందు మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండే మేస్త్రీ ఒక్కరే.

ఆయన రోజూ పొద్దున బస్సెక్కి నంద్యాల పోయి, సాయంత్రం బస్సులోనే వచ్చేవారు. ఊరందరి బండ్లూ బాగుచేసే మనిషికి సొంతంగా సైకిల్ కూడా లేదని వీధిలో నవ్వుకునేవాళ్లం. బస్సులో ముందు సీట్లు ఖాళీగా ఉన్నా పోయి వెనక చక్రం మీది సీటులోనే కూర్చునేవారు. నడుము విరగదా అన్నా అని ఒకసారి అడిగాను.

"ముందర కూసుంటే బండి మనకు అబద్ధాలు చెప్తాదమ్మా. నిజం ఇనపడేది యెనక సీట్లోనే," అన్నారు.

నా దగ్గరికి మాత్రం సుద్దముక్కల కోసం వచ్చేవారు. గుమ్మం దగ్గర నిలబడి, "టీచరమ్మా, రెండు ముక్కలియ్యి," అనేవారు. బడి సుద్దముక్కలు ఇంటికి తేవడం తప్పేనని తెలుసు. తెచ్చేదాన్ని. అవి దేనికో నిరుడు కళ్లారా చూశాను.

నిరుడు కూడా ఒక పాత వ్యాన్ కొనబోయాం. తెల్లటి కొత్త పెయింటు చూసి మురిసిపోయి, ఎవరికీ చెప్పకుండా అడ్వాన్స్ ఇచ్చేశాం. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి సంఘమంతా మా వాకిట్లో చేరింది. పాస్టరు అయ్యగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అందరికీ టీలు, కేకు ముక్కలు ఇచ్చాం. మాలో ప్రార్థన చేసిన వస్తువును వాపసు ఇవ్వడమంటే దేవుడి ముఖం మీదే వద్దని చెప్పినట్టు. బండిని ముందు మేస్త్రీకి చూపించి, తర్వాత ప్రార్థన పెట్టుకోవాలని మాకెవరికీ తోచలేదు.

మేస్త్రీని కూడా టీకి పిలిచాను. ఆయన టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ బండి చుట్టూ ఒక చుట్టు తిరిగారు. సాసరు పక్కన పెట్టి కిందికి దూరారు. లేచి, మోకాళ్లు దులుపుకోకుండానే నా వైపు చెయ్యి చాపారు. సుద్దముక్క ఇచ్చాను. ఆ మెరిసే పెయింటు మీద, టైర్ల మీద, తలుపు అంచుల మీద సున్నాలూ ఇంటూలూ పెట్టుకుంటూ పోయారు. సంఘమంతా కేకు నమలడం ఆపి చూస్తోంది.

"సున్నా పెట్టింది దుడ్లతో పోతాది. నిదానంగా చేయించుకోవచ్చు. ఇంటూ పెట్టింది పానంతో పోతాది. రెండిట్నీ ఒకే గాటన కట్టగాకండి," అన్నారు.

చిరిగిన సీట్లు, పగిలిన అద్దం, కొంచెం పొగ సున్నాలు. బ్రేకు పైపు, స్టీరింగు, పెయింటు కింద తుప్పు తినేసిన చాసిస్ ఇంటూలు. ఇంటూలే ఏడు లెక్క తేలాయి.

"ప్రార్థన కూడా అయిపోయింది కదన్నా," అన్నాను.

ఆయన అయ్యగారి వైపు తిరిగారు. "అయ్యగారూ, మీరు ప్రార్థన చేసింది బండి కోసరమా, పిల్లోళ్ల కోసరమా?"

"పిల్లల కోసమే," అన్నారు అయ్యగారు.

"అయితే మీ ప్రార్థన నెరవేరినట్టే. బండి వాపసిచ్చేయండి."

మర్నాడే ఇచ్చేశాం. అడ్వాన్స్‌లో సగం పోయింది, దాని గురించి నేను నెల రోజులు సణిగాను. ఆయనకు ఏమైనా ఇవ్వబోతే తీసుకోలేదు. "వద్దని చెప్పినందుకు దుడ్లు తీసుకోనమ్మా. కొనమని చెప్పినప్పుడు తీసుకుంటా. అప్పుడు తప్పయితే నాది గదా," అన్నారు. నాకు ఊరికే భయమేస్తుందన్నా, రాత్రి నిద్ర కూడా పట్టదు అంటే, "బయం ఉండాల. బయం లేనోడి బండి ఎక్కగాకండి," అనేశారు. ఓదారుస్తారేమో అనుకున్న నాకు అప్పుడు కోపమొచ్చింది.

ఈసారి బుద్ధిగా ముందు ఆయన దగ్గరికే పోయాం. ఆయన పోవడానికి రెండు రోజుల ముందు, గురువారం, కొలిమిగుండ్ల రైతు ఒకాయన తన వ్యాన్‌ను నంద్యాల షెడ్డుకు తెచ్చాడు. చేలకు కూలీలను తోలిన బండి. మేస్త్రీ బానెట్ మీద అరచెయ్యి ఆనించి, "కాగబెట్టి తెచ్చినావే. వేడి మీద ఏ ఇంజన్ అయినా బాగనే పలుకుతాది," అన్నారు. సుద్దముక్కతో గుర్తులు పెట్టారు. "బండి పరవాలేదు అనుకుంటాండా. సోమవారం చల్లటి ఇంజన్ మీద చూసి, యెనక కూసోని ఒక చుట్టు తిరిగొచ్చినాక చెప్తా," అన్నారు. నేను ఆయన నోట విన్న ఆఖరి మాట అదే.

ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని సాగనంపి వచ్చాం. తల మీద నీళ్లు ఆరకముందే ఆ రైతు ఫోన్. ప్యాపిలి నుంచి వేరేవాళ్లు అడుగుతున్నారట, సోమవారం ఏదో ఒక మాట చెప్పమన్నాడు. సాయంత్రం బండి తెచ్చి మా వాకిట్లో పెట్టి, పొద్దున వచ్చి తీసుకుపొమ్మని బతిమాలుకున్నాం. తెచ్చాడు. చూస్తే బండి అద్దంలా మెరుస్తోంది. ఒక్క గుర్తు లేదు.

"గలీజుగా ఉండాదని కడిగించినాప్పా. అవి గుర్తులని నాకేం తెల్సు?" అన్నాడు.

అబద్ధం చెప్పాడని నేను అనను. ఇంటూలు ఎన్ని అని మా ఆయన్ని అడిగితే, నాలుగు అన్నాడు: ముందు బ్రేకులు రెండూ, ఒక టైరు, స్టీరింగు రాడ్డు. నేను ఐదన్నాను. మేస్త్రీ వెనక్కిపోయి వంగి ఏదో గీయడం నేను చూశాను. అప్పుడే బడి నుంచి ఫోనొస్తే తల తిప్పుకున్నాను. ఏ చక్రమో, చక్రమేనో కాదో చూడలేదు. ఒక్క నిమిషం ఆ ఫోను పక్కన పెట్టి ఉంటే!

ఆయన చేసేవన్నీ మేమే చేశాం. బండి కింద పేపర్లు పరిచాం. తెల్లారి చూస్తే ఒకే ఒక్క నూనె చుక్క, కందిగింజంత. బానెట్ మీద చెయ్యి పెడితే కుండలా చల్లగా ఉంది. మొదటి తిప్పుకే స్టార్ట్ అయింది, పొగ లేదు. మా ఆయన ముఖం విప్పారింది. నాకు మాత్రం ఎక్కడో ఐదోది ఉందన్న దిగులు పోలేదు.

రైతు రాగానే నంద్యాల రోడ్డు పట్టాం. మా ఆయన తోలుతున్నాడు, రైతు పక్కన కూర్చున్నాడు, నేను వెనక చక్రం మీది సీటులో. రైతు పాటలు పెట్టాడు. ఆపమన్నాను. కబుర్లు మొదలుపెట్టాడు. "అన్నా, కాసేపు మాట్లాడగాకు," అన్నాను. నా నోట అంత మొరటు మాట వస్తుందని నేనే అనుకోలేదు. కళ్లు మూసుకున్నాను. మొదట అన్నీ మోతలే. తర్వాత, బండి నలభై దాటాక, ఎడమ పక్క కింద నుంచి సన్నగా ఒక మూలుగు. కుడి వంపు తిరిగితే పెరిగింది, ఎడమ వంపులో తగ్గింది. వేగం తగ్గిస్తే పోయింది. మళ్లీ పెంచమన్నాను. మళ్లీ వచ్చింది.

బండి ఆపించి దిగి, బ్యాగులోని సుద్దముక్కతో ఎడమ వెనక చక్రం మీద ఇంటూ పెట్టాను. గీత వంకర పోయింది.

నంద్యాలలో షెడ్డు మూసే ఉంది. ఫోన్ చేస్తే తమ్ముడు, "అన్న చెయ్యి పెట్టిన బండి గదా, వస్తాండా," అని వచ్చి షట్టర్ సగం ఎత్తాడు. చక్రం ఊడదీసి, బేరింగు వేళ్ల మధ్య తిప్పి నా చేతిలో పెట్టాడు. ఇసుక పోసినట్టు గరగరలాడింది. "నెల నడిచేదేమో. రేప్పొద్దున్నే పట్టేసేదేమో. చెప్పలేం," అన్నాడు. రైతు మారుమాట్లాడకుండా దాని ఖర్చు తాను పెట్టుకుంటానన్నాడు. ఐదు ఇంటూలూ షెడ్డులో బాగుచేయించాకే బండి కొన్నాం. ఆ తర్వాతే అయ్యగారిని ప్రార్థనకు పిలిచాం. సున్నాలు ఇంకా అట్లాగే ఉన్నాయి, ఒక్కొక్కటీ చేయించుకోవాలి.

మేస్త్రీకి ఇవ్వాల్సిన ఫీజు మాత్రం ఇవ్వలేదు. కొనమని ఆయన చెప్పలేదు కదా. తప్పయితే అది మాదే. ఈ మాట రోజుకొకసారైనా గుర్తొస్తుంది. నా భయం పోగొట్టకుండా నా దగ్గరే వదిలిపెట్టినందుకు ఆయనకు చేతులెత్తి మొక్కుతాను.

బడులు తెరిచారు. సోమవారాలు నేను పొద్దున్నే మా ఆయనతో చివరి పల్లె దాకా పోయి, పిల్లలతో పాటు వెనక చక్రం మీది సీటులో కూర్చుని వస్తున్నాను. కళ్లు మూసుకుంటాను. "టీచర్ నిద్రపోతాండాది, అరవగాకండి," అని వాళ్లలో వాళ్లు గుసగుసలాడతారు. బండి నలభై దాటుతుంది. గుప్పిట్లో సుద్దముక్క చెమటకు తడిసి వేళ్లకు తెల్లగా అంటుకుంటుంది.