చెట్టు ముట్టని ఇరవై మూడు రంపాలు

గార్లదిన్నె నుంచి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే ఒక ఊరు వస్తుంది. ఆ ఊరి చివర రేకుల షెడ్డులో బోరు మోటార్లకు వైండింగ్ చేసే యేసన్న దగ్గర ఇరవై మూడు చైన్ రంపాలున్నాయి. వాటికి తగిన చెట్టు మాత్రం చుట్టుపక్కల ఒక్కటీ లేదు. కంప ఉంది, దానికి కొడవలి చాలు. చీనీ, అంటే బత్తాయి, తోటలున్నాయి, వాటిని రైతులు జ్వరమొచ్చిన పిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంటున్నారు. ఆ తోటల పక్కన రంపం పేరెత్తడం కూడా మర్యాద కాదు.

ఒకసారి అనంతపురం నుంచి పర్యావరణం మీద ప్రచారానికి కాలేజీ పిల్లలు వచ్చారు. గోడకు వరుసగా వేలాడే రంపాలను చూసి, వృక్షాలు మన ప్రాణదాతలని అరగంట చెప్పారు. యేసన్న చేతులు కట్టుకుని మొత్తం విన్నాడు. చివర్లో ఒక్కటే అడిగాడు.

“అంతా బాగుండాది గానీ నాయనా, ఆ బ్యానరుకు కట్టినారే రెండు వేపకొమ్మలు, అవి ఎవురు ఇరిచినారు? నా రంపాలు ఇంతవరకు పుల్ల గూడా కొయ్యలేదు.”

అది నిజం. ఆ నిజాన్ని నమ్మేవాళ్ళు తక్కువ.

ఈ పిచ్చి మొదలై పదిహేనేళ్ళు. అప్పట్లో బోర్లు వరసబెట్టి ఎండిపోతే, తోటలు కొట్టడానికి బళ్ళారి వైపు నుంచి రంపం మిషన్లు వచ్చాయి. గొడ్డళ్ళతో నెల పట్టే తోట మూడు రోజుల్లో నేలమట్టమైంది. కొట్టడానికి తోటలు అయిపోయాక, చెడిపోయిన మిషన్లను ఎక్కడివక్కడ వదిలేసి పోయారు. ఒకటి యేసన్న షెడ్డుకు రిపేరుకు వచ్చింది. తెచ్చినవాడు మళ్ళీ రాలేదు. ఆరు నెలలు దాన్ని చూస్తూ కూర్చున్న యేసన్న ఏడో నెల విప్పాడు. విప్పినవాడు మళ్ళీ మామూలు మనిషి కాలేదు.

ఆ తర్వాత చిక్కమగళూరు కాఫీ ఎస్టేట్ల నుంచి, మూతపడ్డ టింబర్ డిపోల నుంచి, అనంతపురం పాత ఇనుము అంగళ్ళ నుంచి ఒక్కొక్కటే ఇల్లు చేరాయి. ముప్పై ఏళ్ళు నిండని మిషన్‌ను ఆయన గడప దాటనివ్వడు. కొత్తవాటిని ప్లాస్టిక్ బొమ్మలంటాడు. ఆకురాయి పట్టుకుని గొలుసు పళ్ళు ఒక్కొక్కటే నూరుతుంటే ముందు అంబులెన్సు పోయినా తల ఎత్తడు. గొలుసుకు పోసేది ఆముదం. మిషన్ తిరిగిన రోజు వీధి వీధంతా మాడిన ఆముదం వాసన.

ఆయన భార్య కృపాకుమారి సబ్‌సెంటర్‌లో నర్సు. సూదులేసే చెయ్యి, సూదిలాంటి నోరు.

“మా ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు అని మా అమ్మ మురిసిపోయింది. ఉంటే ఏదో ఒక పొద్దు మానేస్తాడని ఆశన్నా ఉండేది,” అంటుంది.

రంపాలన్నిటిలో పెద్దది కెనడాలో తయారైంది. అరవై ఏళ్ళ వయసు, పన్నెండు కిలోల బరువు. యేసన్న దాని పేరు దున్నపోతు అని పెట్టాడు. మూడేళ్ళుగా దాని మీదే పని. పిస్టన్ రింగు ఒక పాత మోపెడ్ ఇచ్చింది. కార్బురేటర్‌లో ఉండాల్సిన పలచటి రబ్బరు బిళ్ళ మాత్రం ఎక్కడా దొరకలేదు. పెట్రోలుకు కరగని రబ్బరు కావాలి. దొరకక దొరకక చివరికి ఒక శనివారం సాయంత్రం దొరికింది.

“ఏమయ్యా, గ్యాసు రెగ్యులేటర్ యాడ పోయింది?” అని వంటింట్లోంచి కృపాకుమారి.

“యాడికీ పోలే. ఈడే ఉండాది.”

“ఈడంటే?”

“కొంచిం దున్నపోతులో, కొంచిం నా చేతిలో.”

ఆ రాత్రి ఇద్దరూ బన్ను తిని పడుకున్నారు.

మిగతా కథ అర్థం కావాలంటే ఆ ఊళ్ళో రంపం మోతకు ఉన్న అర్థం తెలియాలి. అక్కడ రంపం మోగిందంటే ఎవరిదో బోరు ఎండిందని, తోట కట్టెలకు పోతోందని లెక్క. యేసన్న షెడ్డులో మిషన్ పరీక్షించినప్పుడల్లా కట్టెల వ్యాపారి ఎవరో ఒకరు మోటారు సైకిల్ మీద వచ్చి “ఎవురి తోటప్పా?” అని అడిగి, తిట్లు తిని పోయేవాడు.

ఆ తిట్లు తిట్టేది చెన్నమ్మ. షెడ్డు పక్కనున్న మూడు వందల చెట్ల చీనీ తోట ఆమెది, ఆమె భర్త తిప్పన్నది. వాళ్ళ కొడుకు శశికుమార్‌కు ముప్పై నాలుగు. మంచి పిల్లవాడు, తోట చూసుకుంటాడు, అదే అతని తప్పు. సేద్యం చేసేవాడికి పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రావడం లేదు. వచ్చిన పదకొండు సంబంధాలు బోరు చూసి, తోట చూసి, కాఫీ తాగి వెళ్ళిపోయాయి. పన్నెండోది శింగనమల నుంచి. అమ్మాయి సునంద అనంతపురంలో రక్త పరీక్షల ల్యాబులో పని చేస్తుంది. ఆమెకు తండ్రి లేడు, మేనమామ నరేంద్ర మాటే చెల్లుతుంది. ఆదివారమో సోమవారమో చూడ్డానికి వస్తామని కబురు చేశారు.

ఆదివారం చర్చి నుంచి వస్తున్న యేసన్నను చెన్నమ్మ దారిలోనే ఆపింది.

“యేసన్నా, నీకు చేతులెత్తి మొక్కుతా. వాళ్ళొచ్చి పోయేదాకా ఆ దయ్యాలను అరిపించొద్దు. ఇది గూడా తప్పిపోతే నా కొడుకు బ్రమ్మచారిగానే ఉంటాడు, నేను నీ షెడ్డు ముందరే కూచుంటా.”

“నా నోట మాట రాదు, నా మిషను నోట మోత రాదు. సరేనా వదినా?”

మాట ఇచ్చాడు. నిజంగానే నిలబెట్టుకోవాలనుకున్నాడు. పన్నెండైంది, రెండైంది, నాలుగైంది. దున్నపోతు బల్ల మీద కొత్త రబ్బరు బిళ్ళతో, ట్యాంకు నిండా పెట్రోలుతో కూర్చుని ఉంది. మూడేళ్ళ పని. తాడు ఒక్కసారి లాగితే చాలు, బతికిందో లేదో తెలిసిపోతుంది.

అప్పుడు ఆయనకు రాహుకాలం గుర్తొచ్చింది.

క్రైస్తవుడికి రాహుకాలంతో పనేమిటంటే, బోరు మోటార్లతో పని ఉంది గనక. ఆ వేళలో ఏ రైతూ కొత్తగా చుట్టిన మోటారుకు స్విచ్చు వెయ్యడు. వేసినప్పుడు కాలిపోతే రాహువును అడగలేరు, యేసన్నను అడుగుతారు. అందుకని ఏ రోజు ఏ వేళో ఆయనకు నోటికొచ్చు. చర్చిలో కీర్తనలు పుస్తకం చూసి పాడతాడు, రాహుకాలం చూడకుండా చెబుతాడు. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా. పెళ్ళి మాటకు బయల్దేరిన మనిషి ఎవడూ ఆ గంటన్నరలో గడప తొక్కడు. ఇంతకన్నా భద్రమైన సమయం వారం మొత్తంలో లేదు.

నాలుగూ ముప్పై ఐదుకు తాడు లాగాడు. ఏడో లాగుడుకు దున్నపోతు రంకె వేసింది.

సరిగ్గా అదే సమయానికి నరేంద్ర వచ్చి తిప్పన్న తోట గట్టు మీద బండి ఆపుతున్నాడు. ఆయనా రాహుకాలం చూసుకునే వచ్చాడు. మంచి గడియలో చెప్పి వస్తే మగపెళ్ళివాళ్ళు ట్యాంకరుతో నీళ్ళు తెప్పించి పాదులు తడిపి ఉంచుతారని ఆయనకు రెండు సంబంధాల అనుభవం. ఎవరూ ఎదురుచూడని వేళలో పోతే నిజం కనబడుతుందని లెక్క వేసుకున్నాడు. నిజం కనబడలేదు గానీ వినబడింది.

“ఎవురి తోట కొట్టేస్తాండారప్పా?” అన్నాడు, పాదు గట్టు సరిచేస్తున్న శశికుమార్‌తో.

శశికుమార్ ఆయన ఎవరో తెలియక, “ఎవురిదీ లేదన్నా, పక్కన యేసన్న అని, ఊరికే పెట్టుకుంటాడు,” అన్నాడు.

“రంపం ఊరికే పెట్టుకునేటోడు ఉంటాడా యాడన్నా?”

నరేంద్ర తోటలోకి నడిచాడు. కట్టెలవాళ్ళు బేరానికి ముందు ఒక కొమ్మ కోసి పచ్చిదో ఎండుదో చూస్తారని ఆయనకు తెలుసు. కోసిన కొమ్మలు కనబడ్డాయి. చీనీ తోటలో ఎండుపుల్లలు కత్తిరించడం మామూలే, ప్రతి చెట్టుకూ నాలుగైదు కోతలుంటాయి. శశికుమార్ కత్తెర చూపించాడు. బోరు వేసి చూపిద్దామంటే కరెంటు పొద్దున తొమ్మిదికి గానీ రాదు. ఈలోగా తిప్పన్న, చెన్నమ్మ పరుగెత్తుకుంటూ వచ్చారు. వచ్చినది ఎవరో తెలిసి చెన్నమ్మ ముఖం తెల్లబోయింది. తరువాత ఎర్రబడింది. అందరినీ వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్ళింది.

“ఓ యేసన్నా! మాట ఇచ్చి ఒక దినం గూడా కాలేదు గదప్పా!”

యేసన్న మిషన్ ఆపాడు. గుంపును చూశాడు, గడియారం చూశాడు.

“రాహుకాలంలో వస్తారని నేనేమన్నా కలగన్నానా?”

“మేము పాటిస్తే పాటిస్తాం, మానితే మానుతాం. నీకెందుకప్పా మా రాహుకాలం?” అని తిప్పన్న.

నరేంద్ర గోడ వైపు చూశాడు. ఇరవై రెండు గోడకు, ఒకటి బల్ల మీద. “ఇన్ని మిషన్లు పెట్టుకోని చెట్టు కొట్టనంటాడు, ఈడు కొట్టించనంటాడు. నా చెవులో పువ్వు కనబడతాండాదా? నా తోట నాలుగు నూర్ల చెట్లు. అది కొట్టేసిన మూడు దినాలూ గట్టు మీద నిలబడి విన్నా. మిషన్ ఉత్తగా తిరిగితే సన్నంగా కీచుమంటాది. కట్టెలో దిగితే గొంతు లావైతాది. ఇప్పుడు నేను విన్నది లావు గొంతు.”

యేసన్న ముఖం వెలిగిపోయింది. పదిహేనేళ్ళలో ఇంత చెవి ఉన్న మనిషి ఆ షెడ్డుకు రాలేదు.

“సార్, మీరు చెప్పింది రూపాయికి రూపాయి కరెక్టు. అయితే అది కొత్త మిషన్ల గొంతు. ఇది పాతది, ఇంజను పెద్దది. ఉత్తగా తిరిగినా గొంతు ఇంతే. కట్టెలో దిగితే ఇంకా లోపలికి పోతాది. ఇంటే మీకే తెలుస్తాది.”

“అయితే కోసి వినిపించు.”

అక్కడే చిక్కొచ్చింది. కోయడానికి కట్టె లేదు. ఇరవై మూడు రంపాల యజమాని షెడ్డులో తొడపాటి మొద్దు ఒక్కటి లేదు. ఇల్లంతా వెతికారు. కృపాకుమారి చపాతీ పీట దాచేసింది. మంచం కోడు సన్నం. తలుపు చెక్క మీద యేసన్న చెయ్యి వేస్తే, “వేసి చూడు, ఈ పొద్దు నీకు గ్యాసూ లేదు, తలుపూ లేదు, పెండ్లామూ లేదు,” అంది.

చివరికి తిప్పన్నే తన కొట్టంలోంచి కాడిమాను మోసుకొచ్చాడు. తుమ్మకట్టె, ఇనుములాంటిది. తాతల నాటి కాడిని కోయడమేమిటని ఎవరైనా బాధపడితే పడొచ్చు. ఎద్దులు పోయి ఇరవై ఏళ్ళయింది, తిప్పన్న దాని ముఖం చూసి కూడా అన్నేళ్ళయింది. బాధపడింది చెన్నమ్మ ఒక్కతే.

“రాత్రిపూట కోళ్ళు యాడ పండుకోవాల?”

“కోడలొస్తే కోళ్ళకు గూడు కట్టిస్తా, జరుగు,” అన్నాడు తిప్పన్న.

నరేంద్రను గోడ వైపు తిప్పి నిలబెట్టారు. యేసన్న తాడు లాగాడు. ముందు మిషన్‌ను ఉత్తగా తిప్పాడు. తరువాత గొలుసును కాడిమాను మీద ఆనించాడు. రంకె గొంతులోకి దిగి, కడుపులోకి దిగి, నేలలోకి పోయినట్టయింది. పొట్టు ఎగిరి చెన్నమ్మ కొప్పు మీద పడింది. కాడిమాను రెండు ముక్కలైంది. యేసన్న ఆ ముక్క పట్టుకుని కోత నున్నదనాన్ని వేలితో తడుముతూ, తానెందుకు కోశాడో మరిచిపోయాడు.

“యేసన్నా, అడుగప్పా ఆయప్పను!” అని తిప్పన్న అరిచాడు.

నరేంద్ర తిరిగాడు. “నేను విన్నది మొదటిదే,” అన్నాడు. “అప్పుడు ఇది కట్టెలో దిగలేదు. నా తప్పే.” తరువాత కృపాకుమారి వైపు చూసి, “కాఫీ ఇస్తారా అమ్మా?” అని అడిగాడు.

“గ్యాసు రంపంలో ఉండాది. చెన్నక్క ఇంట్లో తాగండి,” అందామె.

గురువారం పొద్దున పదికి, ఈసారి రాహుకాలానికి చాలా ముందే, ఆడపెళ్ళివాళ్ళు ఏడుగురు వచ్చారు. ఆరుగురు తిప్పన్న ఇంటికి, నరేంద్ర గోనెసంచితో నేరుగా షెడ్డుకు. సంచిలో తన తోట కొట్టిన మిషన్. ఇంకెవరి తోటా కొట్టకూడదని ఆ రోజే వాళ్ళ దగ్గర తీసేసుకున్నానని చెప్పాడు. దాని మీది సాలెగూడు చూస్తే అటకెక్కించి మరిచిపోయాడని ఎవరికైనా తెలుస్తుంది.

యేసన్న తిప్పి చూసి, “పద్నాలుగేండ్లదే సార్. నా దగ్గర ముప్పై నిండాల,” అన్నాడు.

నరేంద్ర ముఖం మాడింది. పన్నెండో సంబంధం రెండోసారి ఊగింది. కృపాకుమారి మొగుడి మోచేతి మీద సూది వేసినంత గట్టిగా గిల్లింది.

“అయినా బయట కొక్కేనికి తగిలిస్తా సార్. నిండినాక లోపలికి తీసుకుంటా,” అన్నాడు యేసన్న.

అటు తోటలో కరెంటు ఉంది. శశికుమార్ స్విచ్చు వేశాడు. సునంద చెప్పులు విడిచి, పైపు మూతి దగ్గర అరచెయ్యి పెట్టి నీళ్ళు చూసింది.

“రెండించులే. మా మామ మూడన్నాడే?”

“మీ మామ చూసిన పొద్దు కరెంటే లేదు,” అన్నాడు శశికుమార్.

ఆమె నవ్వు ఆపుకుంది. “మా మామ చెవులు నమ్మొచ్చు, నోరు నమ్మేదానికి లేదు.” అప్పుడే షెడ్డులో దున్నపోతు లేచింది. యేసన్న నరేంద్రకు ఏదో వినిపిస్తున్నాడు. ఆముదం పొగ తోటంతా కమ్ముకుంది. చెన్నమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

“ఈ మోత దినామూ ఉంటాదా?” అని సునంద గట్టిగా అడగాల్సి వచ్చింది.

అబద్ధం చెప్పడానికి అంతకు మించిన అవకాశం శశికుమార్‌కు మళ్ళీ రాదు. “దినామూ ఒకసారి, ఆదివారం రెండు సార్లు,” అని అరిచాడు.

“సరే,” అంది సునంద, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని. “తర్వాత చెప్పలేదనేదానికి లేదు. తెలిసే వస్తాండా.”