బిజిలీ తోలిన మంద

గుర్రం మీద నుంచి పడ్డవాళ్లను మీరు చూసే ఉంటారు. పడ్డాక ఆ గుర్రం చేతే కూలిపనికి తోలించుకున్నవాణ్ణి మాత్రం చూసి ఉండరు. చూసుకోండి, నేనే!

డిగ్రీ అయిపోయి, దర్శి దగ్గర మా ఊళ్లో, నాన్న చెప్పిన ప్రతి పనినీ రేపటికి వాయిదా వేస్తూ రాజ్యమేలుతున్న రోజులవి. పశువుల వ్యాపారం చేసే నా స్నేహితుడు మస్తాన్ గుజరాత్ నుంచి ఆవులతో పాటు ఒక ఆడగుర్రాన్ని కూడా తెచ్చాడు. పేరు బిజిలీ. కాఠియావాడ్ జాతి. దాని చెవుల కొసలు లోపలికి వంగి, నెత్తి మీద దండం పెడుతున్నట్టు కలుసుకుంటాయి. ఎంత ఎండకైనా సోలదు, ఎండుచొప్ప పెట్టినా కిమ్మనదు. అక్కడి కాపరులు వీటి మీదెక్కే మందలు తోలతారట.

ఒకరోజు మా ఆవులు పక్కవాళ్ల పత్తిచేలో పడ్డాయి. నేను మస్తాన్ ఇంటికి పరిగెత్తాను.

"ఒరేయ్, బిజిలీని ఇవ్వరా! చిటికెలో తోలుకొస్తా."

"గుర్రమెక్కడం వచ్చా నీకు?"

"బుల్లెట్ నడపట్లా?"

"దానికి బ్రేకుంటదిరా! ఇది విను. మందలోంచి ఏదైనా విడిపోతే దీనికి అస్సలు నచ్చదు. అప్పుడు కళ్లెం..."

మిగతాది నాకు వినపడలేదు. అప్పటికే ఎక్కేశాను.

అబ్బ, ఏం తోలిందండీ! నేను చేసిందల్లా జూలు పట్టుకుని కేకలు పెట్టడమే. దూడ పక్కకు జారాలని అనుకునేలోపే ఇది అడ్డం తిరిగేది. ఆవులన్నీ ప్రార్థనకు వెళ్లే బడిపిల్లల్లా వరసగా మా దొడ్లోకి నడిచాయి. గర్వంతో నా చొక్కా గుండీలు తెగడమొక్కటే తక్కువ.

అక్కడితో దిగిపోవాల్సింది. కానీ ఇంత వీరత్వం ఎవరూ చూడకపోతే ఎలా? మా మిరపచేలో కోతలు సాగుతున్నాయి. గుర్రాన్ని అటు తిప్పాను.

సరిగ్గా అన్నాల వేళ. కోతకొచ్చిన ఆడవాళ్లు కొందరు బోరు దగ్గరికి, కొందరు వేపచెట్టు కిందికి, ఒకామె ఫోన్ మాట్లాడుకుంటూ గట్టు మీదికి, తలో దిక్కూ పోతున్నారు. బిజిలీ చూసింది. చెవులు టక్కున నిక్కాయి.

"వద్దే తల్లీ, వాళ్లు ఆవులు కాదే!" అని మొత్తుకున్నాను. పాపం, దానికి తెలుగు కొత్త.

ఒక్క దూకు దూకింది! బోరు దగ్గరివాళ్లను వెనక్కి తిప్పింది. చెట్టు కిందివాళ్లను లేపింది. ఫోన్ మాట్లాడే ఆమెను మూతితో మెల్లగా నెట్టుకుంటూ తెచ్చింది. ఆవిడ ఫోన్ మాత్రం ఆపలేదు. క్షణాల్లో అందరూ క్యారేజీలు పట్టుకుని చేను మధ్యలో గుంపుగా నిలబడ్డారు.

"ఒరేయ్ శీనూ!" కూలీల మేస్త్రి కోటమ్మత్త గొంతు పక్క ఊరిదాకా వినపడి ఉంటుంది. "అన్నం కూడా తిననియ్యవా? పక్కచేలోకి పోతున్నాం. నీ కాయలు నువ్వే కోసుకో!"

కోతల్లో కూలీలు అలిగిపోతే పంటంతా చెట్టు మీదే పాడవుతుంది. ఆ తర్వాత నాన్న కల్లంలో నన్ను ఎండబెడతాడు.

"నేను కాదత్తా, గుర్రం!" అంటూ రెండు చేతులూ జోడించాను. జోడించాలంటే జూలు వదలాలి కదా! ఆ సంగతి నేలమీద పడ్డాక తెలిసింది.

లేచి ఇంటిదారి పట్టబోతే బిజిలీ ఎదురొచ్చింది. కుడికి జరిగితే కుడికి, ఎడమకు జరిగితే ఎడమకు. దాని లెక్కలో ఇప్పుడు విడిపోయిన పశువును నేను! వెనక్కి వెనక్కి నడిచి మిరపసాలులో పడ్డాను. మస్తాన్‌కు ఫోన్ చేశాను.

"నేను సంతకొచ్చేశాన్రా. సాయంత్రం దాకా ఓర్చుకో. మందలో ఉంటే అదేమీ అనదు."

కోటమ్మత్త కోపం కాస్తా పకపకా నవ్వైంది. "ఊరికే నిలబడతావేంట్రా? ఈ సంచి కట్టుకో!"

వాళ్లు అక్కడే గుండ్రంగా కూర్చుని తీరిగ్గా అన్నాలు తిన్నారు. నేను కాయలు కోశాను. తల ఎత్తితే చాలు, బిజిలీ ఒక అడుగు ముందుకేసేది.

పొద్దువాలే వేళకు నాన్న మోపెడ్ మీద వచ్చాడు. నడుం వంచి కాయలు కోస్తున్న కొడుకును చూసి తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు.

"చూశావా కోటమ్మా! మావాడికి బుద్ధొచ్చింది!"

"బుద్ధి కాదన్నయ్యా," అంది కోటమ్మత్త, "గుర్రం వచ్చింది."

ఆ సాయంత్రమే, ఘాటుకు భగభగ మండుతున్న కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేశాను: పని మీద నాకన్నా శ్రద్ధ ఉన్న ఏ జీవి మీదా ఈ జన్మలో ఎక్కను. మాట తప్పలేదండీ. నా పెళ్లి ఊరేగింపుకు గుర్రాన్ని మాట్లాడతామన్నారు. నేను ట్రాక్టరెక్కాను.