పిన్ని కాలి పుండు, బాబాయి చెరువు

ముదినేపల్లి దగ్గర మా బాబాయికి చేపల చెరువుంది. ఆ వేసవిలో చెరువులోకి దిగుతుంటే పిన్ని పాదానికి నత్తగుల్ల కోసుకుంది. చిన్న గాటే కదా అని పసుపు అద్ది ఊరుకుంది. వారం తిరక్కుండానే పాదం వాచి, వేళ్లు నల్లబడి, జ్వరం ముంచుకొచ్చింది. షుగరు కూడా లేని మనిషి.

బందరులో నేను పనిచేసే ఆసుపత్రిలోనే చేర్చారు. నాది ల్యాబులో పని. పుండులోని చీము నుంచి బాక్టీరియాను ప్లేటులో పెంచి, ఒక్కోదానికి ఒక్కో మందు అద్దిన కాగితపు డిస్కులు దానిమీద పెట్టాను. మందు పనిచేస్తే డిస్కు చుట్టూ ఖాళీ వలయం కనిపించాలి. మర్నాడు చూస్తే ఒక్కదాని చుట్టూ తప్ప ఎక్కడా ఖాళీ లేదు. బాబాయి చెరువు గుర్తొచ్చి నాకు ఒళ్లు మండిపోయింది.

వరండాలో బాబాయిని పట్టుకున్నాను. “చెరువులో ఏం మందులు వాడుతున్నావు?”

“అందరూ వాడేవేనమ్మా. మేతకి వేసే తవుడులో కలిపి, సంచుల్లో నింపి చెరువులో కడతాం. రోగం రాకుండా ముందే.”

అడిగి పేర్లు చెప్పించాను. పిన్నికి పనిచేయని మందుల్లో అవీ ఉన్నాయి. ఆ మాటే చెప్పాను.

“బాక్టీరియాకి మందుల్ని తట్టుకునే ఆ గుణం మనుషులు పుట్టకముందు నుంచే ఉందని మీ ఇంట్లో భోజనాల దగ్గర నువ్వే చెప్పావుగా! మధ్యలో నేనేం చేశాను?” అన్నాడు.

“పాతదే బాబాయ్! మట్టిలో సూక్ష్మజీవులు పక్కవాటిని చంపడానికి విషాలు తయారుచేసుకున్నాయి. తమ విషానికి తామే చావకుండా విరుగుడు జన్యువులూ దాచుకున్నాయి. మన మందులు చాలావరకు ఆ విషాలే. కానీ నువ్వు రోజూ మందు పోసి, విరుగుడు లేనివాటిని చంపేసి, ఉన్నవాటికి చెరువంతా అప్పగించావు. ఆ జన్యువుల్ని అవి వేరే జాతి బాక్టీరియాకి కూడా ఇచ్చేస్తాయి. పిన్ని కాల్లోది నీ చెరువులోదేనని నేను ఒట్టు పెట్టి చెప్పలేను. కాదని నువ్వు చెప్పగలవా?”

ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

పనిచేసిన ఆ ఒక్క మందే పిన్నిని బతికించింది. రెండు వేళ్లు మాత్రం తీసేయక తప్పలేదు. ఇంటికెళ్లాక ఆమె గుమ్మంలో కుర్చీ వేసుకుని, “ఈ కాలు చూశాక కూడా అది కలుపుతావా?” అని మొగుణ్ని నిలదీసింది. ఆయన మానేశాడు. పక్క చెరువులవాళ్లు మానలేదు.

ఆ మధ్య గుడివాడలో చేపల మందుల దుకాణానికి వెళ్లి పిన్నిని బతికించిన ఆ మందే అడిగాను. చేపలకు జబ్బేమిటని గాని, ఎవరు రాశారని గాని అతను అడగలేదు.

“ఎన్ని కేజీలు కావాలండీ?” అన్నాడు.