చైన్ తెగిన మర్నాడు

రువైస్ నుంచి అబుదాబి వెళ్లే బస్సులో నా పక్కన శ్రీకాకుళం మనిషి ఒకాయన కూర్చున్నాడు. ముందురోజే నేను నడిపే బుల్‌డోజర్ ఇనుప చైన్లలో ఉప్పుబురద ఇరుక్కుని గట్టిపడింది. చూసుకోకుండా లాగేసరికి చైన్ తెగింది. ముదీర్, అంటే మా మేనేజరు, అందరి ముందూ తిట్టాడు. ఆ సంగతి ఆయనకెందుకు చెప్పానో తెలియదు.

"నానూ తెంపినాను తమ్ముడూ," అన్నాడు. మిలటరీలో ఉండగా లడఖ్‌లో డోజర్‌తో మంచు తీసేవాడట. "సాయంత్రం చైన్లలో మంచు గీకీసి, కింద చెక్కలేసి బండి ఆపాల. నేదంటే రాత్రికి గడ్డకట్టీద్ది. ఓ రోజు బద్దకించినాను. తెల్లారి కదిపితే తెగిపోనాది. రోడ్డు తెరుసుకోనేదు. జబ్బుపడ్డ ముసిలమ్మనొకర్తిని మంచం మీద నా బండి పక్కనించే ఆసుపత్రికి మోసుకెళ్లినారు."

"తిట్టిండ్రా అన్నా?"

"నేదు. ఆ ముసిలమ్మే మంచం ఆపించి, కొంకర్లు పోయిన నా సేతులు తన దుప్పట్లో పెట్టుకున్నాది."

అలా అంటూ ఆయన నా చేతులు రెండూ పట్టుకున్నాడు. కరోనా తగ్గినా, మనుషులు ఒకరినొకరు ముట్టుకోవడానికి జంకుతున్న రోజులవి.

ఆయన పేరు అడగలేదు. డ్యూటీ అయ్యాక ఇప్పుడు రోజూ పారతో చైన్లు శుభ్రం చేస్తాను. మొన్న మా సైటులో పాకిస్తానీ డ్రైవరొకడు చైన్ తెంపి, ఇసుకలో కూలబడ్డాడు. వెళ్లి అతని పక్కన చాలాసేపు కూర్చున్నాను.