చెమట ఆరేదాకా

పాలకాయతిప్పలో అడుగుపెట్టేసరికి మిట్టమధ్యాహ్నమైంది. సెలవు మీద గుడివాడ వచ్చినవాణ్ణి బందరులో రిపోర్టు చేయమన్నారు. అక్కడ వైర్‌లెస్ సెట్టు చేతికిచ్చి ఇటు పంపారు. కోడూరు దాకా బస్సు. తరవాత పడవ. ఆపైన ఇసుకలో నడక. పడమటి సరిహద్దున యుద్ధం జరుగుతోంది. నన్ను మాత్రం మా ఊరికి ఒక పూట ప్రయాణంలో సముద్రానికి కాపలా పెట్టారు.

ఇసుక బస్తాల బంకరు, పైన తాటాకు. మేం నలుగురం. తమిళుడైన హవల్దారు, వంటవాడు, నేను, రోహతక్ వైపు నుంచి వచ్చిన ఒక జవాను. అతన్ని పహిల్వాన్ అనేవాళ్ళం. వాళ్ళ నాన్న ఊళ్ళో కుస్తీ గోదా నడుపుతాడు. దుర్భిణితో వంతులవారీగా సముద్రం చూడాలి, గంటకోసారి బందరుకు కబురు చెప్పాలి. చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. భాద్రపదం ఎండ, ఉప్పుగాలి. బావి నీళ్ళు నోట పెట్టలేం. మంచినీళ్ళు కోడూరు నుంచి పడవలో వచ్చేవి.

ఖాళీగా ఉంటే జవాన్లు పాడైపోతారని హవల్దారు ఆదివారాలు చెడుగుడు పెట్టించాడు, పల్లెలోని చేపలవాళ్ళతో. వలలు ఆరేసుకుని వాళ్ళు మధ్యాహ్నానికి వచ్చేవారు. రాగానే, వాళ్ళ వెంట వచ్చే నాంచారమ్మ కుండ దింపేది. గంజి పులియబెట్టిన తరవాణి, అందులో ఉప్పు. ఆటకు ముందు ఒక ముంత, మధ్యలో ఒక ముంత. ఆ జట్టులో ముగ్గురు ఆమె కొడుకులే.

పహిల్వాన్ ముట్టేవాడు కాదు.

"చెమట మీద నీళ్ళు తాగితే రొమ్ము పట్టేస్తుంది భాయ్. ఆరాక పాలు తాగాలి. నాన్న చెప్పాడు," అన్నాడు.

నవ్వలేకపోయాను. ఒళ్ళు వేడి మీద నీళ్ళు తాగితే మా అమ్మా తిట్టేది.

"మీ ఊళ్ళో ఎంతసేపటికి ఆరుతుంది?"

"చుట్ట కాల్చేంతసేపు. పొడిగాలి కదా."

ఇక్కడ పొద్దు వాలినా ఆరదు. ఆ మాటా అన్నాను. అయినా అతను ముంత ముట్టలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే ఇసుక బస్తాలు మోసి బంకరు గోడ లేపాం. ఎక్కువ మోసింది అతనే. వెంటనే ఆట. గాలి లేదు. నాంచారమ్మ ముంత పట్టుకుని గీత దాకా వచ్చింది.

"ఒక్క గుక్క తాగు నాయనా. గొంతెండితే కూతెట్టా వస్తది?"

నేను హిందీలో చెప్పాను. చేతులు జోడించి వద్దన్నాడు.

మూడోసారి కూతకు వెళ్ళినప్పుడు అతని కూత తెగిపోయింది. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. అయినా ఎవరూ పట్టుకోలేదు. తనే గీత దాటి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి పెనంలా కాలుతోంది. ఒంటి మీద తడి లేదు.

"ఆరింది భాయ్. ఇప్పుడివ్వు నీళ్ళు," అన్నాడు.

నేను ముంత అందుకునేలోగా పడిపోయాడు.

సెట్టు దగ్గరికి పరుగెత్తాను.

"జవాను పడిపోయాడు. కోడూరుకు బండి పంపండి. ఓవర్."

"దెబ్బా, జ్వరమా? ఓవర్."

"దాహం. ఓవర్."

కాసేపు గరగర. "మళ్ళీ చెప్పు. ఓవర్."

"దాహం."

పడవలో కోడూరు చేర్చాం. అక్కణ్ణుంచి జీపులో బందరు ఆసుపత్రి. బతికాడు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని, ఇక సర్వీసుకు పనికిరాడని తేల్చారు. నేను చూడ్డానికి వెళ్తే మంచం మీద కూర్చుని ఉన్నాడు. మెడ సన్నబడింది.

"నాన్నకి మలేరియా అని చెప్తాను," అన్నాడు.

"జరిగింది చెప్పు. గోదాలో ఇంకా పిల్లలున్నారుగా."

"ఆయనకి డెబ్బై ఏళ్ళు భాయ్. నా చేత ఆ మాట అనిపించకు."

యుద్ధం ఆగింది. పోస్టు ఎత్తేశారు. సెట్టు బందరులో అప్పగించి గుడివాడ బస్సెక్కాను. ఇంటి దగ్గర అందరూ శత్రువుల ఓడలు చూశావా అని అడిగారు. లేదన్నాను. ఇక అడగలేదు.

నేను చూసింది వేరే. అతను పడిపోయిన రోజు, కోడూరు దారిలో పోటు తగ్గి పాయలో పడవ బురదలో దిగబడింది. నాంచారమ్మ కొడుకులు నడుముల దాకా బురదలో దిగి తోస్తున్నారు. ఆమె పహిల్వాన్ తల ఒళ్ళో పెట్టుకుని, చీర చెంగు మంచినీళ్ళలో ముంచి అతని నోటి దగ్గర పిండుతోంది. "మింగు నాయనా, మింగు." చుక్క పెదవి మీద నిలిచింది. లోపలికి పోలేదు. ఆమె మళ్ళీ చెంగు ముంచింది.