టమాటా వరస కొసన ఉన్న మొక్కలు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ దగ్గర చాలాసార్లు మొదలుపెట్టి, మాట మార్చి ఊరుకున్నాను. నా భార్యకు తెలియదు. నా దగ్గర చదువుకున్న పిల్లలకు తెలియదు. మోసేకొద్దీ బరువు అలవాటవుతుందని అనుకున్నాను. కాలేదు.

తొంభైల నడుమ బెంగళూరులో ఉద్యానశాస్త్రం ఎమ్మెస్సీ చదివాను. మాది అక్కడి నగర్తపేటలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం. మెడికల్ సీటు రాక ఈ చదువుకు వచ్చినవాణ్ణి. నాతో చదివిన రెడ్డెప్ప అలా రాలేదు. అది నేను పెట్టిన పేరు, అతని అసలు పేరు కాదు. మదనపల్లె దగ్గర వాళ్ళది టమాటా సాగు. ఆకుముడత తెగులుకు తోటంతా ముడుచుకుపోవడం చిన్నప్పుడే చూసినవాడు. దానికి లొంగని మొక్కను తయారు చేయాలన్నదే అతని చదువు. హాస్టల్లో మాదొకటే గది. గైడూ ఒకరే. ఆయన దగ్గర పీహెచ్‌డీకి ఒక్కరికే చోటుందని ఇద్దరికీ తెలుసు. దాని గురించి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

చుట్టూ అందరి మళ్ళలోనూ తెల్లదోమ వాలి ఆకులు ముడుచుకుపోతుంటే, అతను ఏరి వేసిన ఒక వరస మాత్రం నిటారుగా నిలబడింది. పొద్దున్నే వెళ్ళి ఆ ఆకుల్ని వేళ్ళతో తిప్పి చూసుకునేవాడు. నాకు అసూయగా ఉండేదా? ఉండేది. అప్పుడు దానికి ఆ పేరు పెట్టుకోలేదు, అంతే.

చెల్లెలి పెళ్ళికని ఊరికి వెళ్తూ, ఆ వరసకు సూక్ష్మపోషకాల మందు కొట్టమని నాకు అప్పజెప్పాడు. అంతకుముందు అదే స్ప్రేయరుతో నేను గట్ల మీది వయ్యారిభామకు కలుపు మందు కొట్టి ఉన్నాను. ట్యాంకు కడగలేదు. బద్ధకం. ఊళ్ళోకి పోవాల్సిన బస్సు తప్పిపోతుందన్న తొందర. నీళ్ళు పోసి, పోషకాల పొడి కలిపి, కొట్టేశాను. కొసన కొన్ని మొక్కలు మిగిలి ఉండగానే ట్యాంకు ఖాళీ అయింది. మళ్ళీ కలపడానికి ఒళ్ళు వంగలేదు.

రెండు మూడు రోజులు ఇంటి దగ్గర ఉండి తిరిగొచ్చేసరికి మొక్కల తలలు వంగి, కాండాలు మెలితిరిగి, లేత ఆకులు సన్నగా ముడుచుకుపోయి ఉన్నాయి. కొసన మందు తగలని మొక్కలు మాత్రం నవనవలాడుతున్నాయి. ఏం జరిగిందో నాకు చూడగానే అర్థమైంది. అర్థం కాకపోవడానికి చదువు రానివాణ్ణి కాదు కదా.

ఇంతవరకూ చెప్పింది పొరపాటు. ఇకమీదటిది కాదు. ఆ బాగున్న మొక్కల్ని చూస్తే, మిగతావి మందు వల్లే పోయాయని ఎవరికైనా తెలిసిపోతుంది. నేను చుట్టూ చూశాను. ఎవరూ లేరు. వాటిని ఒక్కొక్కటిగా వేళ్ళతో సహా పీకి, చెత్తగుంటలో పడేసి పైన ఎండుగడ్డి కప్పాను. భయంతో చేశానని చాలాకాలం చెప్పుకున్నాను. భయపడినవాడు పీకి పరుగెత్తుతాడు. నేను గడ్డిని సమంగా సర్ది, చేతులు కడుక్కుని వచ్చాను.

రెడ్డెప్ప ఊరి నుంచి వచ్చి, సంచి భుజానే ఉండగా మడి దగ్గర నిలబడిపోయాడు. ఒక ఆకును వేళ్ళతో తిప్పి చూసి అడిగాడు.

"మందు నువ్వే కొట్టినావా?"

"నేనే. నువ్వు చెప్పిందే కొట్టినా."

"ట్యాంకు కడిగినావు కదప్పా?"

"కడిగినా."

"ఆ కొసనవి ఏమైనాయి?"

"వడలు తెగులు తగిలిండాది. పక్కవాటికి పాకుతాదని పీకి పారేసినా."

అతను నా భుజం మీద చెయ్యి వేశాడు. "మంచి పని చేసినావు," అన్నాడు.

మర్నాడు గైడు వచ్చి చూసి, రెడ్డెప్పతో ఇది ఆకుముడతే, నువ్వు ఇన్నాళ్ళూ రాసినవన్నీ కట్టుకథలు అన్నాడు. అందరి ముందూ అన్నాడు. ఇది తెగులు మాదిరి లేదు, ఏదో మందు తగిలినట్టుంది అని రెడ్డెప్ప బతిమాలాడు. గైడు నా వైపు తిరిగితే, నేను నోరు తెరిచేలోపే రెడ్డెప్ప అడ్డం వచ్చి, వాడు కడిగినాడు సార్, వాడు అబద్ధం చెప్పడు అన్నాడు. వరసలో ఒక్క మొక్క బాగున్నా నీ మాట నమ్మేవాణ్ణని గైడు వెళ్ళిపోయాడు. మళ్ళీ విత్తనం వేసి చూపిస్తానంటే ఒప్పుకోలేదు. ఆ వారంలోనే రెడ్డెప్ప చదువు వదిలేసి పెట్టె సర్దుకున్నాడు. బస్టాండుకు నేనే వెళ్ళి ఎక్కించాను. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళానో ఇప్పటికీ తెలియదు.

పీహెచ్‌డీ చోటు నాకు వచ్చింది. తర్వాత ఉద్యోగం, పేరు ముందు డాక్టరు.

రెండువేల సంవత్సరం దాటాక, బెంగళూరులోనే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కొత్తగా కడుతున్న ఒక అపార్ట్‌మెంటుకు తోట ఎలా వేయాలో చెప్పమని పిలిస్తే వెళ్ళాను. అక్కడ కూలీల మేస్త్రీగా రెడ్డెప్ప ఉన్నాడు. దూరం నుంచే నన్ను గుర్తుపట్టి, మా ఫ్రెండప్పా, చెట్ల డాక్టరు అని తన మనుషులకు చూపించాడు. కుర్చీ తెప్పించాడు. టీ తెప్పించాడు. ఊళ్ళో పొలం తమ్ముడే చూసుకుంటున్నాడనీ, తను మొక్కల జోలికి పోవడం మానేశాననీ చెప్పాడు. ఎందుకని నేను అడగలేదు. అతనే చెప్పాడు.

"సారు చెప్పిందే నిజమేమోప్పా. ఆశ కొద్దీ లేనిది ఉన్నట్టు చూసినానేమో. నా కండ్ల మీద నాకే నమ్మకం పోయింది."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. పక్కన ఎవరూ లేరు. అతను నా ముఖంలోకే చూస్తున్నాడు. నేనేమన్నానో తెలుసా? అయిపోయినవి ఎందుకులే అన్నాను. టీ తాగి, తోటలో ఏ చెట్లు వేయాలో చెప్పి వచ్చేశాను. ఒకడి చదువు పోవడానికి కారణం కావడం ఒక ఎత్తు. తన కళ్ళను తనే అనుమానించుకుంటూ ఒక మనిషి నా ఎదుట కూర్చుంటే, ఆ అనుమానాన్ని అలాగే వదిలి రావడం ఇంకో ఎత్తు. దేనికి ఎక్కువ సిగ్గుపడాలో తేల్చుకోలేకపోతున్నాను.

ఆ తర్వాత వెతికితే దొరికేవాడే. వెతకలేదు.

ఆ మొక్కలు తెగులుకు లొంగలేదు. రెడ్డెప్ప చూసింది నిజం, రాసింది నిజం. వాటిని పీకింది నేను. ఇది ఎవరికో ఒకరికి చెప్పగానే గుండె తేలికపడుతుందంటే నమ్మేవాణ్ణి కాదు. తేలికపడింది. అదీ నాకే దక్కింది. అతనికి ఇంకా ఏమీ తెలియదు.