సూదికి రాసిన కళ్ళజోడు

దారంతా మంచు. బస్సు తడుముకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. పొడుగాటి మనిషి ఒకడు ఎక్కబోతూ తలుపు పైకమ్మీకి నెత్తి కొట్టుకున్నాడు. ముందు నెత్తి రుద్దుకున్నాడు. తరవాత అంతే జాగ్రత్తగా ఆ కమ్మీని రుద్దాడు. చూసి పదేళ్ళయినా నాకు ముఖం చూడాల్సిన పని లేకపోయింది. గుమ్మాలకు కూడా నొప్పి తీసే మనిషి లోకంలో ఒక్కడే. మా కళ్ళద్దాలాయన.

అతని సిద్ధాంతం చిన్నది. చూసేవాడూ, చూడబడేదీ రెండు కావు. మధ్యలో గీత మనం గీసుకున్నదే. కాబట్టి ఏం జరిగినా ఇద్దరికీ జరుగుతుంది. ఈ సంగతే చెప్పే లావుపాటి పుస్తకాలు నలభై ఏళ్ళు సంచీలో మోశాను నేను. రైళ్ళలో తలగడకు బాగా పనికొచ్చాయి. అతను మాత్రం ఆ మాటతో కాపురం చేశాడు. చొక్కామీద టీ ఒలికితే, పాపం టీ కూడా పోయిందనేవాడు. ఒకాయన తన కళ్ళజోడుమీద తనే కూర్చుని, విరిగిన ముక్కలు పట్టుకొచ్చాడు. ఏమైనా తగిలిందా అని మావాడు అడిగితే, తననే అనుకుని పెద్దమనిషి నడుం చూపించబోయాడు. మిమ్మల్ని తరవాత అడుగుతానన్నాడు మావాడు.

చూపు తగ్గిందని ఎవరితోనూ అనేవాడు కాదు. గోడమీది అక్షరాల అట్ట చూపించి, "మీకూ ఆ కింది వరసకూ ఈమధ్య మాటల్లేనట్టుంది. రాజీ చేద్దాం" అనేవాడు.

తిరిగి తిరిగి కాళ్ళరిగినప్పుడల్లా నేను వాలేది మా అక్క ఇంట్లో, అతని కళ్ళజోళ్ళ దుకాణం పైగదుల్లో. అక్క చొక్కాల కార్ఖానాలో ముప్ఫై ఏళ్ళుగా కాజాలు కుట్టేది. ఒక ఏడు ఆమె సూదిలోకి దారం ఎక్కడం మానేసింది. ఈ కాలం సూదులకు బెజ్జాలు పెట్టడం లేదని తిట్టేది. కళ్ళు చూపించుకోమన్నాను.

"నా కళ్ళకేంరా? ఊళ్ళు పట్టుకు తిరిగే నీ కాళ్ళు చూపించుకో."

పౌరుషం వెనక ఉన్నది భయం. చూపు ఆనడం లేదని అంతకుముందు ఏడే మేస్త్రి ఒకామెను ఇంటికి పంపేశాడు. అక్క కుట్టిన కాజాలు అప్పటికే రెండు వంకరపోయి తిరిగొచ్చాయి. కిటికీ పక్క ఆ కుర్చీ పోతే అక్కకు ఇంకేమీ లేదు.

ఓ సాయంత్రం కళ్ళద్దాలాయన పైకొచ్చి, గుమ్మానికి కొట్టుకుని, ఇద్దరికీ రుద్ది, కూర్చుని ఈ గొడవంతా విన్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"రేపు తీసుకురండి అక్కయ్యగారూ, పరీక్ష చేస్తాను."

"దేన్ని నాయనా?"

"సూదిని."

వాడి పిచ్చి దగ్గరుండి చూద్దామని అక్క మర్నాడు సూదిని గుడ్డలో చుట్టుకుని దిగింది. నన్నూ సాక్షిగా తీసుకెళ్ళింది. అతను సూదిని బిరడాకు గుచ్చి, వచ్చినవాళ్ళు కూర్చునే మెత్తటి కుర్చీలో మర్యాదగా కూర్చోబెట్టాడు. అక్కను ఎదురుగా ముక్కాలిపీటమీద కూర్చోమన్నాడు, దారం తరఫున. ఆమె ముక్కుమీద ఖాళీ ఫ్రేము పెట్టి, అద్దాలు ఒక్కొక్కటే మారుస్తూ పోయాడు.

"ఇప్పుడు సూది మిమ్మల్ని చూస్తోందా?"

"లేదు. మొహం తిప్పుకుంది."

మరో అద్దం వేశాడు. అరలనిండా ఉన్న అద్దాలన్నిటిలో పొద్దుటి వెలుగు కదులుతోంది. గదికి గోడలున్నట్టే లేదు. అక్క పీటమీంచి ముందుకు వంగింది.

"చూస్తోంది," అంది మెల్లగా. "బెజ్జంలోంచి కిటికీ కనిపిస్తోంది."

అతను చీటీ రాశాడు. రోగి పేరున్నచోట 'సూది' అని రాశాడు.

"దీనికి చత్వారం వచ్చింది. జోడు పెడదామంటే ముక్కు లేదు. దాని బదులు మీరు పెట్టుకోవాలి."

దానికోసం ఈ మాత్రం చెయ్యలేనా అంది అక్క. కార్ఖానాలో మేస్త్రి ఆమె ముఖంమీది జోడును అనుమానంగా చూస్తే, చీటీ చేతిలో పెట్టి, "నాకు కాదండీ, సూదికి" అంది. అందరూ నవ్వారు. నవ్వుతూనే మేస్త్రి ఆ రోజు కాజాలన్నీ తిరగేసి చూశాడు. ఒక్కటీ వంకర లేదు. కుర్చీ కదల్లేదు. వారం తిరక్కుండా ఆ కార్ఖానాలో ఇంకో నాలుగు సూదులకు చత్వారం వచ్చింది.

ఇదంతా గుర్తొచ్చి, బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను.

"నిజం చెప్పు. చూపు తగ్గింది సూదికేనని నమ్మావా, లేక మా అక్క నొచ్చుకోకూడదని అలా అన్నావా?"

కిటికీలో చెట్లెక్కడ ఆగుతున్నాయో, మంచెక్కడ మొదలవుతోందో తెలియడం లేదు. అతను అటే చూస్తున్నాడు.

"అవి రెండా అన్నయ్యా?"

బస్సు ఆగింది. ఒక చేతిలో సంచీతో లేచి, దిగబోతూ మళ్ళీ అదే కమ్మీకి కొట్టుకున్నాడు. ఖాళీగా ఉన్న ఒక్క చెయ్యీ కమ్మీకే ఇచ్చేశాడు. నాకు తెలియకుండానే నేను లేచి వెళ్ళి, అతని నెత్తి రుద్దాను.

వెనక్కి చూడకుండా మంచులోకి నడిచాడు. వెళ్ళొస్తానని చెప్పలేదు. చెప్పాలంటే వెళ్ళేవాడొకడు, ఉండిపోయేవాడొకడు కావాలి కదా.